ఏడుంపావు అతిథి

అతిథుల విభాగం, మెట్ల కింద గది
మంగళవారం

వదినకు,

ముందు అభినందనలు. మీ ‘తెల్లారింది’ కార్యక్రమంలో నారింజ రంగు సోఫా వేశారని తెలిసిన మూడో రోజుకల్లా మా ‘మేలుకో’లో పసుపు సోఫా దిగింది. మీది ముగ్గురు కూర్చునేది, మాది నలుగురిది. ఆ నాలుగో మనిషి ఎవరని మా బాస్‌ని అడిగితే, “ముందు సోఫా రానీ, మనిషి సంగతి తర్వాత” అన్నాడు. ఆయన్ని మేం సుడిగాలి అంటాం. గదిలోకొస్తే కాగితాలు ఎగురుతాయి, వెళ్లాక ఏదీ ఉన్నచోట ఉండదు.

ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వుకోకు. పోయిన వారం మా అందరిచేతా ఒక కాగితం మీద సంతకాలు పెట్టించారు. పోటీ చానెల్ వాళ్లకు ఫోన్ చేయకూడదు, మెసేజ్ పెట్టకూడదు. మా ఫోన్లు తీసి చూస్తారట. “ఆవిడ మా వదినండీ, సొంత అన్నయ్య భార్య” అన్నాను. “పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా ఆవిడ నీ వదిన కాదు” అన్నాడు. ఆ కాగితంలో ఉత్తరాల ఊసు లేదు. పోస్టాఫీసు ఇంకా నడుస్తోందని మావాళ్లకు తెలిసినట్టు లేదు.

నా ఉద్యోగం ఎలా ఉందంటావా? నువ్వు పదకొండేళ్లుగా హాయిగా ఒకచోట కూర్చుని ప్రశ్నలు అడుగుతున్నావు, నేను ఏడాదిగా ఊరంతా తిరిగి ఆ అడిగించుకునేవాళ్లను పట్టుకొస్తున్నాను. నిన్న ఏడుంపావుకు నిద్ర మీద సలహాలిచ్చే డాక్టరును పిలిచాను. అందరూ టీవీ ముందుండే వేళ కదా, మంచి మనిషి కావాలన్నారు. ఆయన ఎనిమిదింటికి లేచాడు. ఆ పావుగంటా మా యాంకరు సోఫా రంగు గురించి మాట్లాడింది.

అన్నయ్యను అడిగానని చెప్పు. ఏ చానెల్ చూస్తున్నాడో నిజం చెప్పమను.

నీ
పిచ్చుక


స్టూడియో క్యాంటీన్, కార్యక్రమం అయ్యాక
శుక్రవారం

పిచ్చుకా,

మీ సోఫా చూశాను. కామెర్లొచ్చిన గేదెలా ఉంది. మీ యాంకరు దాని గురించి పావుగంట మాట్లాడిందంటే ఆ అమ్మాయికి మంచి భవిష్యత్తు ఉంది.

మీ అన్నయ్య ఏడింటికి మీ కార్యక్రమం చూస్తాడు, తొమ్మిదింటికి నేను ఫోన్ చేస్తే మాదే చూశానంటాడు. “ఇవాళ నేనేం చీర కట్టుకున్నాను?” అంటే, “బావుంది” అంటాడు. మా కార్యక్రమంలో ఆయన చూసేది ఒక్కటే, నా పక్కన కూర్చునే తోటి యాంకరు, మేం పళ్లాయన అంటాం, ఆయన నోరు. మీ అన్నయ్య పళ్ల డాక్టరు కదా, ఆ పళ్లల్లో నాలుగు పెట్టుడువని పెళ్లిళ్లలో కూడా చెప్తాడు. ఆ పళ్లాయన ఎవరు చనిపోయినా నవ్వుతూనే సంతాపం చెప్తాడు. జనానికి అలవాటైపోయింది.

ఇక్కడ వింత ఏమిటంటే, నాకు సాయానికని ఒకమ్మాయిని తెచ్చారు. ఇరవై నాలుగేళ్లు. నేను సాయం అడగలేదు. మొదటి రోజే వచ్చి, “మేడమ్, మీ కుర్చీ ఎత్తు తగ్గించొచ్చా?” అని అడిగింది. “ఎందుకమ్మా?” అన్నాను. “ఊరికే, తెలుసుకుందామని” అంది. నా ఒప్పందం నెలాఖరుతో అయిపోతుంది. ఆ మాట ఎత్తగానే మా డైరెక్టరుగారు ఫోన్ వచ్చిందని బయటికెళ్తాడు. ఆ ఫోన్ మోగడం ఇంతవరకు నేను వినలేదు.

కంగారుపడకు. పదకొండేళ్ల మనిషిని ఊరికే తీసేయరు. ముందు పూలగుత్తి ఇస్తారు.

మీ
వదిన


హోటల్, మూడో అంతస్తు, కిటికీ లేని గది
సోమవారం

వదినకు,

ప్రస్తుతం నా ఉద్యోగం కాపలా. బట్టలు కుట్టే కంపెనీలో మంటలు చెలరేగినప్పుడు, ఎదురుగా కడుతున్న భవనం దగ్గర క్రేను నడిపే ఆవిడ, ఇనప తొట్టిని ఆ కంపెనీ డాబా మీదికి దించి పందొమ్మిది మందిని బయటికి తెచ్చింది కదా. ఆ వీడియో నువ్వూ చూసే ఉంటావు. ఆవిడ మా దగ్గరే ఉంది. శుక్రవారం ఏడుంపావుకు పసుపు సోఫా మీద కూర్చుంటుంది. అంతవరకు ఎవరి కంటా పడకుండా దాచమన్నారు. వారం రోజులు ప్రకటనలు వేసుకోవాలట. ప్రకటనల్లో ఆవిడకు సుడిగాలి పెట్టిన పేరు ‘క్రేనమ్మ’. ఆవిడకింకా చెప్పలేదు.

హోటల్ ఎలా ఉందంటే, కింద వరండాలో గోడంత చేపల తొట్టి, అందులో ఒకటే చేప. రైలు కూసినప్పుడల్లా మంచం కదులుతుంది. ఆవిడకు పరుపు పడలేదు, నేల మీద పడుకుంటోంది. పొగ పీల్చడం వల్ల దగ్గు. ఎక్కువ మాట్లాడదు. తెల్లవారకముందే లేచి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. ఆ వేళకు క్రేను మీద ఉండడం అలవాటట. మన కార్యక్రమాలు రెండూ ఒక్కసారి కూడా చూడలేదంది. ఆవిడ మీద గౌరవం అప్పుడే పెరిగింది.

నిన్న సాయంత్రం తనంతట తనే ఒక మాట చెప్పింది. కడుపులో దాచుకోలేక నీకు రాస్తున్నాను. ఆ రోజు డాబా మీద ఇరవై మంది. తొట్టికి ఆరుగురే. మూడో విడతలో ఆరుగురు ఎక్కాక, అక్కడ గుడ్డ కత్తిరించే కటింగ్ మాస్టరు ఒకమ్మాయిని బలవంతంగా ఏడో మనిషిగా ఎక్కించాడు. తను ఒక్కడే మిగిలి, ఎత్తమని చెయ్యి ఊపాడు. “సైగ వస్తే ఎత్తాలమ్మా, మా పని అది. ఎత్తేశాను” అంది. నాలుగోసారి తొట్టి వెళ్లేసరికి డాబా లేదు. ఆయన అందలేదనే లోకానికి తెలుసు. ఎలా మిగిలిపోయాడో తెలియదు. ఆయన భార్య వచ్చి, ‘ఎందుకు ఎత్తావ్?’ అని అడుగుతుందేమోనని ఈవిడ భయం. “దాని గురించి అడగరు కదా?” అంది. అడగరని మాటిచ్చాను. సుడిగాలికి కూడా చెప్పలేదు. నీకొక్కదానికే.

నీ
పిచ్చుక


ఇంట్లో, భోజనాల బల్ల దగ్గర
బుధవారం

పిచ్చుకా,

నీ ఉత్తరం ఇప్పుడే చేరింది. చదివి మనసు ఎలాగో అయింది. ఎంత మంచిదానివి నువ్వు. ఆవిడను జాగ్రత్తగా చూసుకో. నీ ఆరోగ్యం కూడా చూసుకో. వేళకు తిను.

ఇక్కడ అంతా క్షేమం. రాయడానికి పెద్దగా ఏమీ లేదు.

ప్రేమతో
మీ వదిన


మా ఇల్లు
ఆదివారం

‘తెల్లారింది’ కార్యక్రమం వ్యాఖ్యాత గారికి,

ప్రేమతో మీరు రాసిన ఉత్తరం శుక్రవారం మధ్యాహ్నం చేరింది. అప్పటికి కార్యక్రమం అయిపోయింది, నా ఉద్యోగం కూడా. పదిహేనేళ్లలో మీరు నాకు వెటకారం లేకుండా రాసిన ఉత్తరం అదొక్కటే. ఒక్కరోజు ముందు చేరినా అనుమానపడేదాన్ని.

గురువారం సాయంత్రం ఆవిడకు దగ్గు మందు కొందామని వెళ్లాను. ఇరవై నిమిషాలు. తిరిగొచ్చేసరికి గది తలుపు తీసుంది, దుప్పటి మడత పెట్టుంది. “మీ వదినగారొచ్చి తీసుకెళ్లారు కదండీ” అన్నాడు కౌంటరు దగ్గర మనిషి, నాకేదో మేలు జరిగినట్టు. “పిచ్చుక పంపింది అన్నారట. టీవీలో చూసే మొహమే కదా అని మేమూ అడగలేదు.” మీకు అంత శ్రమ ఎందుకండీ? రైలు కూత, చేపల తొట్టి చాలు కదా, ఊళ్లో అలాంటి హోటల్ ఒకటే ఉంది. చిరునామా కూడా రాసి పంపేదాన్ని.

శుక్రవారం ఏడుంపావుకు మా సోఫా మీద ఎవరున్నారో చెప్పనా? కూరగాయలతో హంసలు చెక్కే ఆయన. సొరకాయ హంస మెడ విరిగింది. పక్క టీవీలో మీరు. ఏం చక్కగా అడిగారండీ! ముందు చిన్నప్పటి సంగతులు, తర్వాత క్రేను ఎక్కడం ఎలా నేర్చుకున్నారు, ఆ తర్వాత గొంతు కాస్త తగ్గించి, “ఇరవయ్యో మనిషి చెయ్యి ఊపినప్పుడు మీకేమనిపించింది?” ఆవిడ మీ వైపు చూడలేదు. కెమెరా వైపు చూసింది. నా వైపే చూసినట్టుంది. “ఎత్తేశాను” అని ఏడ్చింది. మీవాళ్లు కింద ‘క్రేనమ్మ కన్నీళ్లు’ అని వేశారు. పేరు మాత్రం మా సుడిగాలిదే తీసుకున్నారు. పోనీలెండి, అదొక్కటైనా మేం పెట్టింది మిగిలింది.

సుడిగాలి అరవలేదు. “అయితే ఏడు నుంచి తొమ్మిది దాకా కూడా వదినేనన్నమాట” అని, నా మెడలోని గుర్తింపు కార్డు తనే తీసుకున్నాడు.

ఇంకెప్పుడూ రాయకండి. అన్నయ్యకు నేనే ఫోన్ చేస్తాను. మీరు ఎత్తకండి.

ఇట్లు
మీ భర్తగారి చెల్లెలు


ఇంట్లో, వంటగది గట్టు మీద
మూడు వారాల తర్వాత, బుధవారం

పిచ్చుకా,

ఆ పేరుతో పిలిచే అర్హత నాకు లేదని తెలుసు. వేరే పేరు తెలియదు.

ముందు శుభవార్తలు. ఆ శుక్రవారం మమ్మల్ని చూసినంత మంది పదకొండేళ్లలో ఎప్పుడూ చూడలేదట. ఆ రోజు డైరెక్టరుగారికి ఫోన్ రాలేదు, కూర్చుని మాట్లాడాడు. ఒప్పందం మూడేళ్లు పొడిగించారు. నాకు సాయానికొచ్చిన అమ్మాయి కుర్చీ ఎత్తు అడగడం మానేసింది. కేకు కోశారు. పళ్లాయన నిజంగానే నవ్వాడు, మొదటిసారి తేడా తెలిసింది. మీ అన్నయ్య మాత్రం నాతో అవసరమైనంతే మాట్లాడుతున్నాడు. “ఉప్పు ఇలా ఇవ్వు” అనడం కూడా తగ్గించి చప్పిడిగానే తింటున్నాడు.

ఇక నువ్వు చూడనిది. కార్యక్రమం అయ్యాక ఆవిడ కళ్లు తుడుచుకుని నన్నొక్కటే అడిగింది: “ఆ అమ్మాయి ఒక్కదానికే చెప్పాను. ఆ అమ్మాయే మీకు చెప్పిందా?” జవాబు చెప్పొచ్చు. నీకూ నాకూ మధ్య నడిచిన ఉత్తరమని, నువ్వు మాట తప్పలేదని, నేనే తప్పించానని చెప్పొచ్చు. ఎదురుగా డైరెక్టరుగారు బొటనవేలు ఎత్తి చూపిస్తున్నాడు. నేను నీళ్ల గ్లాసు అందుకున్నాను. ఆవిడ తనకు కావలసిన జవాబు తీసేసుకుంది. నువ్వు అమ్మేశావనుకుంది. దొంగతనంగా తీసుకురావడం కంటే ఆ నీళ్ల గ్లాసే నన్ను ఎక్కువ తింటోంది.

పోయిన సోమవారం సెలవు పెట్టి మీ ఊరొచ్చాను. నీ గుమ్మం దాకా వచ్చి బెల్ కొట్టలేదు, మొహం చెల్లలేదు. ఆవిడ పనిచేసే చోటికి వెళ్లాను. క్రేను ఎక్కితే మధ్యాహ్నం దాకా దిగదట. నెత్తిన హెల్మెట్ పెట్టి ఇటుకల మీద కూర్చోబెట్టారు. నాలుగు గంటలు కూర్చున్నాను. అంతసేపు ఒక మనిషి కోసం నేను ఎదురుచూడడం పెళ్లయ్యాక ఇదే మొదలు.

దిగొచ్చింది. నేను నోరు తెరిచేలోపే, “ఆయన భార్య వచ్చింది” అంది. మా కార్యక్రమం చూసి మర్నాడే వచ్చిందట. సరిగ్గా నేను కూర్చున్నచోటే కూర్చుందట. ఈవిడ క్రేను దిగింది. ఆ మాస్టరు భార్య అడగలేదు, ఎందుకెత్తావని. “ఏ చెయ్యి ఊపాడు?” అని అడిగింది. “ఎడమ చెయ్యమ్మా” అంది ఈవిడ. “అయితే కుడిచేతిలో కత్తెరుండుంటుంది. కత్తెర ఎక్కడా వదిలేవాడు కాదు” అంది ఆవిడ. ఇద్దరూ అక్కడే చాలాసేపు కూర్చున్నారట. అంతవరకు ఆవిడ అనుకున్నదేమిటో తెలుసా? తన భర్తను అందరూ తోసేసి తొట్టి ఎక్కేశారని.

నా వల్ల మంచి జరిగిందని రాయడం లేదు. ఆ పని మా చానెల్ చేస్తుందిలే, దానికి ఇంకా ఈ సంగతి తెలియదు కాబట్టి చేయలేదు. ఈవిడే అంది, “ఆమెకు ముందు నేను చెప్పాల్సింది. ఊరంతా విన్నాక వినింది.”

అప్పుడు చెప్పాను. ఉత్తరం, హోటల్, అబద్ధం, నీళ్ల గ్లాసు, అన్నీ. ఈవిడ విని, చేతికున్న గ్రీజు తుడుచుకుంటూ, “నా ఒక్కదానికి చెప్తే ఎట్లా? నన్ను అంతమంది ముందు అడిగారు కదా” అంది. టిఫిన్ డబ్బా తీసుకుని నీడకెళ్లిపోయింది.

ఆవిడకు కబురు పంపాను. నువ్వూ శనివారం పొద్దున ఏడుంపావుకు టీవీ పెట్టు. మీది కాదు, మాది.

వదిన


మా ఇల్లు
సోమవారం

వదినగారికి,

పెట్టాను. మీరు మాట్లాడింది ముప్పై అయిదు సెకన్లు. “క్రేను నడిపే ఆవిడను నేనడిగిన ప్రశ్న ఒక సొంత ఉత్తరంలోంచి తీసుకున్నది. ఆ ఉత్తరం రాసినమ్మాయి ఆవిడకిచ్చిన మాట తప్పలేదు. నేను అబద్ధం చెప్పి ఆవిడను తీసుకొచ్చాను, తెలిసి అడిగాను.” అంతవరకే వినిపించింది. తర్వాత టూత్‌పేస్టు ప్రకటన వేశారు. అది రెండుసార్లు వేశారు. ఏడూ ఇరవైకి మీ కుర్చీలో ఆ ఇరవై నాలుగేళ్ల అమ్మాయి ఉంది. కుర్చీ ఎత్తు తగ్గించారు, గమనించాను. మీకు అనారోగ్యమని సాయంత్రం మీ చానెల్ ప్రకటించింది. త్వరగా కోలుకోకండి.

మర్నాడు సుడిగాలి మా ఇంటికొచ్చాడు. స్వయంగా, పూలగుత్తితో. ఇంట్లో కాగితాలేవీ లేవు కాబట్టి ఏమీ ఎగరలేదు. నా ఉద్యోగం తిరిగి ఇస్తాడట, ఈసారి మెట్ల కింద కాదు, కిటికీ ఉన్న గది. ఒక్కటే షరతు. ఈ శుక్రవారం కాక పై శుక్రవారం ఏడుంపావుకు మీరు మా పసుపు సోఫా మీద కూర్చోవాలి. మా యాంకరు పక్కన మీరు, మీ పక్కన నేను. “వదినా మరదళ్లు కెమెరా ముందు కలుసుకుంటే దేశం ఏడుస్తుందమ్మా” అన్నాడు. కింద ఏం వేయాలో కూడా అనుకున్నాడు. మీకు పేరు పెట్టాడు, అది నేను రాయను.

మీరొస్తే ఉద్యోగం ఉంది, రాకపోతే లేదు. అడగమన్నాడు, అడుగుతున్నాను. బలవంతం లేదు. మీరు నాకేదో చేయాలని నేను అనలేదు. అనుకోవడం నా ఇష్టం.

పిచ్చుక


ఇంట్లో, వీధి గది
గురువారం

పిచ్చుకా,

వస్తాను.

రాత్రంతా ఆలోచించానని రాద్దామనుకున్నాను, గౌరవంగా ఉంటుందని. నిజానికి ఉత్తరం మడత పెట్టేలోపే అనుకున్నాను. ఆ సోఫా మీద కూర్చుంటే ఏమవుతుందో నాకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. గొంతు ఎప్పుడు తగ్గిస్తారో, మంచినీళ్లు ఎప్పుడు జరుపుతారో, ఏడుపు రాకపోతే చిన్నప్పటి ఫొటో ఎప్పుడు చూపిస్తారో, అన్నీ నేనే పదకొండేళ్లు చేశాను. నన్నడగమను. నీ పక్కన కూర్చుని అడిగినవన్నీ చెప్తాను. ఒక్కటే కోరిక, నిన్ను ఏడిపించాలని చూస్తే మధ్యలో లేచిపోతాను. అది ఒప్పందంలో రాయించు.

మీ అన్నయ్య ఇది చదివి, చాలారోజుల తర్వాత నన్ను ఉప్పు అడిగాడు.

ఏ బండికి రావాలో రాయి.

వదిన


ఆసుపత్రి, పేర్లు పిలిచే కౌంటరు
ఆదివారం

వదినా,

నువ్వేమీ రానక్కర్లేదు. ఆ సుడిగాలికి వాకిట్లోనే లేదని చెప్పేశాను, పూలగుత్తి కూడా తిరిగిచ్చేశాను. ఆయన మెట్లు దిగాకే నీకు ఆ ఉత్తరం రాశాను. నువ్వేమంటావో చూద్దామనిపించింది, అంతే. తప్పే. కానీ ఇప్పుడు మనిద్దరం చెరొకటి చేశాం, నీది పెద్దదే అనుకో.

నేను వారం నుంచి ఇక్కడ పనిచేస్తున్నాను. పొద్దున ఏడింటి నుంచి పేషెంట్లను పేరు పెట్టి పిలవడం. ఇదీ అతిథుల్ని పిలిచే పనే, ఎవరినీ హోటల్లో దాచక్కర్లేదు. మొన్న నేను పిలిచిన మూడో పేరుకు లేచి వచ్చింది ఆవిడ, దగ్గుకు. “మీ వదిన చెప్పింది టీవీలో చూశా. ఆ రోజు పని మానుకుని చూశా” అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. ఆ చేతులు ఎంత గరుకో నీకు తెలియదు, నువ్వు పట్టుకోలేదు.

నా కోపం ఇంకా పోలేదు. రోజుకు కొంచెం పోతోంది. సోమ, మంగళవారాల్లో ఎక్కువగా ఉంటోంది. మిగిలింది నీ ఎదురుగానే తేల్చుకుంటాను. శనివారం పొద్దున బండికి వస్తున్నాను. స్టేషనుకు నువ్వే రా, అన్నయ్యను పంపకు. మేకప్ లేకుండా రా. నీ మొహం చూసి చాలా ఏళ్లయింది.

నీ
పిచ్చుక